బెల్లంపల్లి నుంచి ప్రాణహిత దాకా: మన ఎర్రమన్నులో ట్రయాసిక్ జీవులు

సావనీర్‌లో పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని ఈసారి కార్యదర్శి గారు అడిగారు. ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే మన సొసైటీ ట్యూషన్ తరగతిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. టీవీలో ఆ ముందురోజే రాక్షసి బల్లుల సినిమా వచ్చింది. "సార్, గవన్నీ అమెరికాలనే ఎందుకుంటయి? మన దిక్కు ఏం లేకుండెనా?" అంది. ఆ పిల్ల తండ్రిది నెన్నెల దగ్గర పల్లె. ప్రపంచంలోని పురాతన డైనోసార్లలో ఒకటి దొరికిన నేల ఆ చుట్టుపక్కలదే. ఆ మాట చెబితే తరగతి అంతా నవ్వింది, సారు పరాచికాలాడుతున్నాడని.

పిల్లలు నవ్వారని నేను బాధపడలేదు. నా సంగతే చెబుతాను. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు నానీ వాళ్ల ఊరికి వెళ్లేవాళ్లం. తొలకరి పడ్డాక ఊరి బయట ఒర్రెల్లో రాళ్లేరడం మా ఆట. ఎర్రమన్ను కోసుకుపోయినచోట రంగురంగుల రాళ్లు పైకి తేలేవి. ఒకసారి బొటనవేలంత రాయి దొరికింది. నున్నగా, నల్లగా మెరుస్తూ, ఒక అంచున నాలుగైదు మొనలు దువ్వెన పళ్లలా ఉన్నాయి. దానికి 'దువ్వెన రాయి' అని పేరు పెట్టుకున్నాం. కొన్నాళ్లు జేబులో తిరిగింది. తర్వాత మామిడికాయ కొట్టడానికి విసిరితే పోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో అచ్చం అలాంటి బొమ్మ చూశాను. కింద 'సెరటోడస్ దంతం, మాలేరి' అని ఉంది. అది చేప పన్ను. వయసు 20 కోట్ల ఏళ్ల పైమాటే. నేను విసిరేసింది అదేనని ఒట్టు పెట్టి చెప్పలేను కానీ, ఆ రోజు రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఈ వ్యాసం ఆ పన్ను గురించి, దాని ఇరుగుపొరుగు గురించి.

ముందు కాలం లెక్క

కోట్ల ఏళ్లు అంటే పిల్లలకు అందదు. పెద్దలకూ అందదు, అందినట్టు తల ఊపుతారు. నేను తరగతిలో ఒక లెక్క చెబుతాను. ఒక సంవత్సరాన్ని ఒక మిల్లీమీటరు అనుకోండి. మంచిర్యాలలో నిలబడి హైదరాబాద్ వైపు నడుస్తూ గతంలోకి వెళ్తున్నామనుకుందాం. డెబ్భై ఏళ్ల మనిషి జీవితం 7 సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు. 1591లో కట్టిన చార్మినార్ 43 సెంటీమీటర్ల దూరంలో, మూరెడు లోపే ఉంటుంది. మనలాంటి మనుషులు పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. అది 300 మీటర్లు, ఇంకా మంచిర్యాల దాటనే లేదు. రాక్షసి బల్లులు అంతరించింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. అది 66 కిలోమీటర్లు, పెద్దపల్లి దాటాక వస్తుంది. నేను చెప్పబోయే మాలేరి జంతువులు బతికింది సుమారు 22 కోట్ల ఏళ్ల నాడు. అది 220 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి హైదరాబాద్ పొలిమేరల్లో ఉంటాం.

ఆ కాలానికి భూశాస్త్రవేత్తలు పెట్టిన పేరు ట్రయాసిక్. 25 కోట్ల 20 లక్షల ఏళ్ల నాడు మొదలై, 20 కోట్ల 10 లక్షల ఏళ్ల నాడు ముగిసింది. దానికి ముందుది పెర్మియన్, తర్వాతది అందరూ సినిమా పేరులో విన్న జురాసిక్. మన పాత ఆదిలాబాద్ జిల్లా గొప్పేమిటంటే, ఈ మూడు కాలాల రాళ్లూ పుస్తకంలో పుటల్లా ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉన్నాయి.

ఎందుకలా ఉన్నాయో చెప్పాలి. గోదావరి, ప్రాణహిత పారే ఈ లోయ నది తవ్వుకున్న మామూలు లోయ కాదు. భూమి పైపొర పగిలి, రెండు పగుళ్ల మధ్య నేల కోట్ల ఏళ్లపాటు నెమ్మదిగా కుంగిపోతూ వచ్చింది. కుంగినకొద్దీ ఆనాటి నదులు ఇసుక, ఒండ్రు, బురద తెచ్చి నింపాయి. అలా వేల మీటర్ల మందాన పొరలు పడ్డాయి. తర్వాత ఆ పొరలు ఒక వైపుకు ఒరిగాయి. పేర్చిన పుస్తకాలు పక్కకు వాలితే అన్ని అట్టలూ కొంచెం కొంచెం కనబడతాయి చూడండి, అలాగ. పడమటి అంచున పాతవి, ప్రాణహిత వైపు పోయినకొద్దీ కొత్తవి బయటికి కనిపిస్తాయి. కాబట్టి బెల్లంపల్లిలో బస్సెక్కి తూర్పుగా నెన్నెల, వేమనపల్లి వైపు వెళ్లేవాళ్లు, తమకు తెలియకుండానే పెర్మియన్‌లో ఎక్కి, ట్రయాసిక్ గుండా వెళ్లి, జురాసిక్‌లో దిగుతున్నారు. టికెట్టు మాత్రం మామూలుదే.

బొగ్గు దగ్గర మొదలు

ఎక్కే చోటు నల్లగా ఉంటుంది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరి ఇవతల రామగుండం, ఇవన్నీ బొగ్గు ఊళ్లు. ఈ పుస్తకం చదివే కుటుంబాల్లో చాలావాటికి సింగరేణి అన్నం పెట్టింది. ఆ బొగ్గు పెర్మియన్ కాలపు అడవి. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు అప్పుడు దట్టంగా పెరిగేవి. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. బొగ్గు పొరల పైనా కిందా ఉండే బూడిదరంగు రాతిని చీల్చితే ఈనెలతో సహా ఆ ఆకు ముద్ర కనిపిస్తుంది. గనిలో పనిచేసిన మామూలను అడగండి, చాలామంది చూసే ఉంటారు.

ఇదే ఆకు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, చివరికి మంచు కప్పిన అంటార్కిటికాలో కూడా దొరికింది. అన్ని సముద్రాలు దాటి ఒకే చెట్టు ఎలా పాకింది? పాకలేదు. అప్పుడు ఆ భూములన్నీ కలిసే ఉన్నాయి. ఆ మహాఖండానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా, అంటే గోండుల సీమ. ఉట్నూరు, ఆసిఫాబాద్ గూడేల్లో మన పక్కన బతికే గోండుల పేరే ఇవాళ ప్రపంచమంతా భూగోళ పుస్తకాల్లో ఉంది. ఈ మాట మన పాఠాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, అదే నాకు నచ్చని విషయం.

బొగ్గుకు కాస్త పైన, పెర్మియన్ చివరి పొరల్లో, జంతువులు మొదలవుతాయి. జైపూర్ మండలం కుందారం పేరుతో ఒక రాతిపొర ఉంది. అందులో ఎండోథియోడాన్ అనే శాకాహారి ఎముకలు దొరికాయి. పాలిచ్చే జంతువుల వంశానికి దూరపు చుట్టం అది. అక్కడ దొరికిన ఒక జాతికి 2000లో 'మహలనోబిసి' అని పేరు పెట్టారు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌కూ కుందారం ఎముకకూ సంబంధమేమిటో కాసేపట్లో వస్తుంది.

పెర్మియన్ ముగిసింది మామూలుగా కాదు. భూమ్మీద జీవం చూసిన అతి పెద్ద విధ్వంసం అప్పుడే జరిగింది. సైబీరియాలో లావా లక్షల ఏళ్లు పొంగింది, గాలి వేడెక్కింది, సముద్ర జీవుల్లో అత్యధిక జాతులు పోయాయి. గ్లోసోప్టెరిస్ అడవులూ పోయాయి. అందుకే ఆ పైన మన లోయలో బొగ్గు లేదు. నేల ఎర్రబడింది.

ఎర్రమన్ను

బెల్లంపల్లి దాటి కొంతదూరం పోయాక పొలాల రంగు మారుతుంది. ఎరుపు, మధ్యమధ్య పచ్చటి చారలు. వాన పడితే కాలికి బంకలా అంటుకుంటుంది, ఎండితే పెళ్లలుగా పగులుతుంది. దాన్ని చూసి రైతు పంట సంగతి ఆలోచిస్తాడు. భూశాస్త్రవేత్త మాత్రం ఆ ఎరుపు ఎందుకొచ్చిందని ఆలోచిస్తాడు. మట్టిలోని ఇనుము గాలి తగిలి తుప్పు పట్టడం వల్ల ఆ రంగు వస్తుంది. అంటే ఆ బురద ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్నది కాదు. వానాకాలంలో నదులు పొంగి మైదానమంతా కప్పేవి, తర్వాత నెలల తరబడి ఎండలు. మన వానాకాలం, ఎండాకాలం లాంటిదే అప్పుడూ ఉండేది.

ఆసిఫాబాద్, మంచిర్యాల ప్రాంతంలో మాలేరి అనే చిన్న ఊరుంది. నాగపూర్‌లో ఉన్న స్కాట్లాండ్ మతప్రచారకులు స్టీఫెన్ హిస్లాప్, రాబర్ట్ హంటర్ 1850ల్లో ఇక్కడి శిలాజాల మీద దృష్టి పెట్టారు. వారి సేకరణలోని పళ్లను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వివరించాడు. అవే నా 'దువ్వెన రాళ్లు', సెరటోడస్ చేప పళ్లు. వాటిలో రెండు జాతులకు హిస్లాప్, హంటర్ పేర్లు పెట్టారు. మూడో జాతి పేరు 'విరపా'. మన చెవికి అది వీరప్పే.

ఈ చేపలో వింత ఏమిటంటే, దానికి మొప్పలతో పాటు ఊపిరితిత్తి ఉంది. చెరువు ఎండుతుంటే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. ఓల్డ్‌హామ్ ఆ పళ్ల గురించి రాసేనాటికి, అలాంటి పళ్లున్న చేప బతికి ఉందని శాస్త్రలోకానికి తెలియదు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో దానికి దగ్గరి చుట్టం సజీవంగా కనిపించింది, అందరూ ఆశ్చర్యపోయారు. ఆదిలాబాద్ ఎర్రమన్నులో పన్ను, ఆస్ట్రేలియా ఏటిలో చేప. పదకొండేళ్ల తేడాతో పన్నే ముందు నమోదైంది.

ఆ మట్టిలో అతి ఎక్కువగా దొరికేది మాత్రం హైపరొడపెడాన్. ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ పొడవు, బలిసిన శరీరం, చిలక ముక్కులా వంగిన మూతి. దవడలో పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి. కింది దవడ అంచు పై దవడ గాడిలో కత్తిపీట కూర్చున్నట్టు కూర్చుంటుంది. గట్టి మొక్కలను కోసి తినేది. 1869లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ మాలేరి ముక్కలు చూసి, ఇది స్కాట్లాండ్ ఇసుకరాయిలో తాను పదేళ్ల కిందట వర్ణించిన జంతువుకు బంధువని గుర్తించాడు. దాంతో ఒక పెద్ద చిక్కు విడిపోయింది. రాతి మీద తేదీ రాసి ఉండదు. కానీ ఒకే రకం జంతువు రెండు చోట్ల దొరికితే ఆ రెండు రాళ్లూ ఇంచుమించు ఒకే ఈడువి. అలా మాలేరి ఎర్రమన్ను ట్రయాసిక్‌దని తేలింది. తర్వాత బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో, టాంజానియాలో కూడా ఇదే జంతువు దొరికింది. నడిచి వెళ్లగలిగే దారి అప్పుడుండేది.

మొసలి కడుపులో ఇంకో జంతువు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పారాసుకస్ కథ. రెండున్నర మీటర్ల పొడవు, సన్నటి పొడవాటి మూతి, నిండా పళ్లు. శివ్వారం అభయారణ్యంలో గోదావరి ఒడ్డున పడుకునే మొసలిని చూసినవాళ్లు దీన్ని చూసినా మొసలే అంటారు. కాదు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి, దీనికి కళ్లకు కాస్త ముందు, తల మీద ఉన్నాయి. రెండు వేర్వేరు వంశాలు ఒకే రకం బతుకు బతికి ఒకే ఆకారానికి వచ్చాయి. నీళ్లలో దాక్కుని, ఒడ్డుకు వచ్చినదాన్ని పట్టుకోవడమే దాని పని.

శంకర్ ఛటర్జీ అనే శాస్త్రవేత్త బృందానికి ఈ జంతువు అస్థిపంజరాలు రెండు పక్కపక్కనే, దాదాపు పూర్తిగా దొరికాయి. అలా దొరకడమే అరుదు. మట్టి తొలగించి చూస్తే వాటి కడుపు భాగంలో వేరే జంతువుల ఎముకలు. ఒక్కో పారాసుకస్ లోపల సుమారు మీటరుపైన పొడవున్న బల్లిలాంటి జంతువు ఒకటి. మింగింది, అరగకముందే చచ్చిపోయింది, వరద బురద కప్పేసింది. ఆ మింగబడ్డ జంతువు కూడా శాస్త్రానికి కొత్తదే. 1980లో దానికి 'మాలేరిసారస్' అని పేరు పెట్టారు, అంటే మాలేరి బల్లి. ఆరేళ్ల తర్వాత అమెరికాలోని టెక్సాస్‌లో దాని చుట్టం దొరికితే, దానికీ ఆ పేరే ఇచ్చారు. మన ఊరి పేరు మోస్తున్న జంతువు టెక్సాస్‌లో ఉంది. అమెరికాలనే ఎందుకుంటయి అన్న పిల్లకు నేనిచ్చిన జవాబు ఇదే.

ఎవరు దేన్ని తిన్నారో ఇంత స్పష్టంగా చెప్పే సాక్ష్యాలు ప్రపంచంలో తక్కువ. ఆ మట్టిలో రాయిగా మారిన పేడ ముద్దలు కూడా బోలెడు దొరుకుతాయి. పిల్లలు ఇక్కడ నవ్వుతారు కానీ, పేడలో చేప పొలుసు కనిపిస్తే ఆ జంతువు భోజనం తెలిసినట్టే. వీటితో పాటు చేటలా చదునైన తల ఉన్న పెద్ద ఉభయచరాలు నీటి అడుగున నోరు తెరుచుకుని కాపు కాసేవి. మంచినీటి ఆలుచిప్పలూ ఉన్నాయి.

ఇక డైనోసార్లు. మాలేరి కింది పొరలో, నెన్నెల వైపు, చిన్న డైనోసార్ ముక్కలు దొరికాయి. పేరు అల్వాకేరియా. ప్రపంచంలో తెలిసిన అతి పాత డైనోసార్ల వరసలో దాన్ని చెబుతారు. అందులో ఒకటికి మించిన జంతువుల ఎముకలు కలిసిపోయాయని తర్వాతివారు తేల్చారు, అయినా కొన్ని ముక్కలు డైనోసార్‌వే. అప్పట్లో అది ఎవరూ లెక్కచేయని చిన్న ప్రాణి. మైదానం హైపరొడపెడాన్‌లదీ, నీరు పారాసుకస్‌లదీ. మాలేరి పై పొరలకు వచ్చేసరికి హైపరొడపెడాన్ మాయం. దాని చోట్లో పొడవు మెడ డైనోసార్లు కనిపిస్తాయి. 2011లో రెండింటికి పేర్లు పెట్టారు: జక్లపల్లి ఊరి పేరున 'జక్లపల్లిసారస్', నంబాల పేరున 'నంబాలియా'. నంబాలలో చుట్టాలున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పిరండి.

డైనోసార్లు ఎలా ఎదిగాయన్నది ప్రపంచంలో పెద్ద ప్రశ్న. దానికి జవాబు వెతికే కొద్ది చోట్లలో మన చెల్కలు ఒకటి. పేద కూలీ ఇంటి పిల్ల ఆ చెల్కల్లో పత్తి ఏరుతూ వాటి మీదే నడుస్తుంది.

కలకత్తా నుంచి వచ్చినవాళ్లు

ఇప్పుడు మహలనోబిస్ సంగతి. ఆయన కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. అంకెల సంస్థ. కానీ అంకెలు అన్ని శాస్త్రాలకూ పనికొస్తాయని ఆయన నమ్మకం. 1957 ప్రాంతంలో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిచి, అక్కడ భూశాస్త్ర విభాగం మొదలుపెట్టించాడు. ఆమె తన పిల్లలను, అంటే విద్యార్థులను, వెంటబెట్టుకుని ఎక్కడికి వచ్చిందనుకున్నారు? మన గోదావరి, ప్రాణహిత లోయకే. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ, వీళ్లంతా ఆ బడిలో తయారైనవాళ్లు. డేరాలు వేసుకుని, ఎద్దుబండ్ల బాటల్లో తిరిగి, ఒర్రె ఒర్రెనా వెతికారు.

పేర్లు చూస్తే ఆ స్నేహాలన్నీ తెలుస్తాయి. మాలేరిసారస్ పూర్తి పేరులో 'రాబిన్సనే' ఉంది. మాలేరిలోనే దొరికిన ఇంకో జంతువు పేరులో 'స్టాటిస్టికే' ఉంది, అంటే ఆ అంకెల సంస్థే. ఎర్రపల్లి పొరలో, ఒకేచోట గుంపుగా ఎముకలు దొరికిన వాడియాసారస్‌కు భూశాస్త్రవేత్త డి.ఎన్. వాడియా పేరు. ధర్మారం పొరలోని ఒక డైనోసార్ 'ప్రధానియా'. ఈ ప్రధాన్ ప్రొఫెసర్ కాదు, ఆ సంస్థలో శిలాజాలు ఏరే పని చేసిన సేకర్త. ఎండలో వంగి ఎముక ఏరినవాడి పేరు కూడా శాస్త్రంలో నిలబెట్టారు. నాకు అది చాలా నచ్చింది.

ప్రాణహిత దగ్గర దిగుదాం

ట్రయాసిక్ ముగిశాక వచ్చేది కోటా పొర. ప్రాణహిత అవతల, సిరొంచ దగ్గరి కోటా ఊరి పేరు. జురాసిక్ కాలపు సున్నపురాయి, ఇసుకరాయి. సున్నపురాయిలో పొలుసులతో సహా చేపలు దొరుకుతాయి. 1850ల నుంచీ అవి ప్రసిద్ధం. ఇప్పుడు డైనోసార్లు చిన్నవి కావు.

సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1958లో పెద్ద కాలి ఎముక కనిపించింది. 1961 దాకా తవ్వితే 300 దాకా ఎముకలు, పక్కనే రాయిగా మారిన చెట్ల మొద్దులు. కనీసం ఆరు జంతువులవి. తల మాత్రం దొరకలేదు. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తుంటుంది. బెంగాలీలో 'బడా పా' అంటే పెద్ద కాలు. ఆ మాటతో 'బారాపాసారస్' అన్నారు. అది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కాలం కనుక 'టాగోరై' అని చేర్చారు. ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఉంది.

ఇటు వైపు, యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే తరఫున యాదగిరి అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో 840 ఎముకలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవి. సుమారు 9 మీటర్ల పొడవుండే శాకాహారి. 1988లో పెట్టిన పేరు 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్'. ఆ ఎముకల్లో కొన్నిటిని కలిపి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లలను చార్మినార్, జూపార్కు చూపించడానికి తీసుకెళ్లేవాళ్లు నౌబత్ పహాడ్ కూడా ఎక్కండి. అది మన జిల్లా జంతువని వాళ్లకు చెప్పండి.

కోటా పొరలోనే, ఆ భారీ కాళ్ల కింద, ఎలుకంత జంతువులు తిరిగేవి. కంటికి ఆనని పళ్లు మాత్రమే దొరికాయి. మట్టిని బస్తాలకొద్దీ కడిగి, జల్లెడ పట్టి, భూతద్దం కింద వెతికితే దొరికేవి అవి. పైకాశిగూడెం ఊరి పేరున ఒక జాతి ఉంది. అవి పాలిచ్చే జంతువులు, మన వంశం.

ఒర్రెలో ఏం పోతోంది

ఈ ఎముకలను పైకి తెచ్చేది వానే, నాశనం చేసేదీ వానే. కోట్ల ఏళ్లు మట్టిలో భద్రంగా ఉన్నది, ఒర్రె కోతకు బయటపడ్డాక కొన్ని వానాకాలాల్లో ముక్కలైపోతుంది. ఆ కొద్ది సంవత్సరాల్లో ఎవరైనా చూడాలి. శాస్త్రవేత్తలు కలకత్తా నుంచి ఏడాదికి ఒకసారి వస్తారేమో, మన పిల్లలు, మేకల కాపరులు రోజూ అక్కడే ఉంటారు. దానికి తోడు చెల్కలు చదును చేయడానికి పొక్లెయిన్లు వచ్చాయి. రాతి చెట్ల మొద్దులు ఇళ్ల ముందు అలంకారానికి అమ్ముడుపోతున్నాయి. శిలాజాలను కాపాడే చట్టం ముసాయిదా 2022లో కేంద్రం ప్రజల ముందు పెట్టింది. అవతలి ఒడ్డున సిరొంచ వైపు వడధంలో మహారాష్ట్ర అటవీశాఖ శిలాజ పార్కు పెట్టింది. ఇవతల పాత ఆదిలాబాద్ పల్లెల్లో, తమ పేరున్న జంతువు బొమ్మ గోడ మీద ఉన్న బడి నాకు ఒక్కటీ కనిపించలేదు. గోడ మీద బొమ్మకు పెద్ద ఖర్చవదు. మన సొసైటీ తరఫున ముందు నాలుగు బడులతో మొదలుపెడదామని కమిటీ ముందు మాట పెట్టాను.

విద్యార్థులకు పని కూడా చెబుతాను. ఎముక రాయినీ మామూలు రాయినీ వేరుచేయడం కష్టం కాదు. విరిగిన అంచు చూడండి. ఎముకైతే లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలుంటాయి. పన్నైతే పైన గాజులాంటి మెరుపు. కనిపిస్తే తవ్వకండి, సుత్తితో కొట్టకండి. పక్కన పెన్ను పెట్టి ఫోటో తీయండి, ఎంత పెద్దదో తెలుస్తుంది. చోటును ఫోన్‌లో గుర్తుపెట్టుకోండి. ఎముక విలువలో సగం అది ఏ పొరలో ఉందన్న సంగతిలోనే ఉంది. ఇంటికి తెచ్చి అల్మారాలో పెడితే ఆ సగం పోయినట్టే. తర్వాత మీ సైన్స్ టీచరుకు చూపించి, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి ఉత్తరం రాయించండి.

ఇంటర్‌లో సైన్సు తీసుకున్నవాళ్లు ఎప్‌సెట్ రాకపోతే బతుకు పోయినట్టు కూర్చుంటున్నారు. డిగ్రీలో జియాలజీ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఉంది. ఆ తర్వాత యూపీఎస్సీ జరిపే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వేలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. సింగరేణికీ జియాలజిస్టులు కావాలి. రాబిన్సన్ లండన్ నుంచి వచ్చి ఎండలో తిరిగింది. ఆడపిల్లకు పొలాల్లో తిరిగే చదువేమిటి అనే తల్లిదండ్రులకు ఆమె సంగతి నేను చెబుతూ ఉంటాను.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల మొన్న ఊరికి వెళ్లి వచ్చి నా బల్ల మీద రుమాలు విప్పింది. నాలుగు రాళ్లు. మూడు మామూలు పలుగురాళ్లు. నాలుగోదాని అంచున సన్నటి రంధ్రాలున్నాయి. ఎక్కడ దొరికిందమ్మా అంటే, "ఒర్రె ఒడ్డున సార్, రెండో మలుపు కాడ. ఇంకా ఉన్నయి. తవ్వలే" అంది.